డబ్బా కొనే ముందు... పళ్లెం లెక్క చూశారా?

జిమ్‌లో చేరి వారం తిరక్కుండానే వినిపించే మాట... ‘ప్రొటీన్ ఏం వాడుతున్నావ్ బ్రో?’ ఏమీ వాడట్లేదంటే వింతగా చూస్తారు. పోలీస్ ఉద్యోగం కోసమో, సైన్యం కోసమో తెల్లవారుజామునే గ్రౌండ్‌కి వెళ్తున్నవారికీ ఇదే పోరు. ఇంటి నుంచి వచ్చే డబ్బుల్లోంచి నెలకు రెండు మూడు వేలు డబ్బా మీద పెట్టాలా? మెస్ తిండితోనే నెగ్గుకు రావచ్చా? పౌడర్ ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం, కొనాల్సి వస్తే ఏం చూడాలి... లెక్కలతో సహా తెలుసుకుందాం.

ముందు... మీ లక్ష్యమేంటి?

జిమ్‌కి వెళ్లేవాళ్లంతా ఒకే పని మీద వెళ్లరు. కొందరికి కండలు కావాలి. కొందరికి పొట్ట తగ్గాలి. మీలో చాలామందికి మాత్రం ఉద్యోగం కావాలి. అందుకని ముందుగా చూడాల్సింది పక్కవాడి చేతులు కాదు, మీ నోటిఫికేషన్.

తెలంగాణ పోలీస్ నియామకాల 2022 నోటిఫికేషన్‌నే తీసుకోండి. అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. దానికితోడు లాంగ్‌జంప్, షాట్‌పుట్. కేంద్ర బలగాల కానిస్టేబుల్ (ఎస్‌ఎస్‌సీ జీడీ) పరీక్షలో అబ్బాయిలకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. రైల్వే లెవెల్-1 పోస్టులకైతే 35 కిలోల బరువు మోసుకుంటూ 2 నిమిషాల్లో 100 మీటర్లు నడవాలి, 1000 మీటర్లను 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి తాజా ప్రకటన చూసుకోవడం మరవద్దు.

వీటిలో ఎక్కడైనా ‘బైసెప్స్ ఇన్ని అంగుళాలు ఉండాలి’ అని ఉందా? లేదు. అడిగేది ఊపిరి, కాళ్ల బలం, వేగం. మాస్ గెయినర్ తాగి నాలుగైదు కిలోలు పెరిగితే, పరుగులో ఆ బరువంతా మోయాల్సింది మీరే. పెరిగినదంతా కండే అయితే కొంత నయం. చాలాసార్లు అందులో కొవ్వే ఎక్కువ. కాబట్టి ‘ఏ పౌడర్ మంచిది?’ అనే ముందు ‘నాకు కావాల్సిందేంటి, నా తిండిలో తగ్గుతున్నదేంటి?’ అని అడగండి. ఈ రెంటికీ జవాబు దొరికితే సగం డబ్బు అక్కడే మిగులుతుంది.

రోజుకు ఎంత ప్రొటీన్ చాలు?

ఐసీఎంఆర్, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) సిఫార్సు ప్రకారం మామూలు ఆరోగ్యవంతులకు కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. అంటే 65 కిలోల కుర్రాడికి దాదాపు 54 గ్రాములు.

రోజూ బరువులెత్తేవారికి, గట్టి సాధన చేసేవారికి ఇది చాలదు. వీరికి కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా అవసరం. అంటే అదే 65 కిలోల కుర్రాడికి 78 నుంచి 104 గ్రాములు. మధ్యస్థంగా 90 గ్రాములు అనుకుందాం. 1.6 గ్రాములు దాటాక ఇంకా పోస్తూ పోయినా కండరాల పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాదని 2024లో విడుదలైన జాతీయ ఆహార మార్గదర్శకాల్లోనూ ఉంది. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పౌడర్ల జోలికి వెళ్లొద్దని అవి సూచించాయి. వాటిలో కలిపే చక్కెరలు, కృత్రిమ తీపి పదార్థాలు, రుచి కోసం వేసే రసాయనాల వల్ల రోజూ వాడటం మంచిది కాదన్నాయి. దీర్ఘకాలం మోతాదు మించితే ఎముకలకు, మూత్రపిండాలకు చేటని హెచ్చరించాయి.

ఇక్కడ ఇంకో మాట. కండ పెరగడానికి ప్రొటీన్ ఇటుకలాంటిది. ఇటుకలు లారీల కొద్దీ తెచ్చి పోసినా మేస్త్రీ పని చేయకపోతే గోడ లేవదు. ఆ మేస్త్రీ మీ వ్యాయామం, నిద్ర. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి, ఐదింటికి గ్రౌండ్‌కి పరుగెత్తేవారికి ఏ డబ్బా సాయపడదు. 7 నుంచి 8 గంటల నిద్ర పైసా ఖర్చులేని సప్లిమెంట్.

మెస్ పళ్లెంలోనే 90 గ్రాములు!

‘హాస్టల్ తిండిలో ప్రొటీన్ ఎక్కడుంటుందండీ?’ అని నవ్వుతారేమో. లెక్కేసి చూద్దాం. కింది అంకెలన్నీ ఉజ్జాయింపుగా చెప్పినవే.

ఉదయం: నాలుగు ఇడ్లీలు, సాంబారు. వీటిలో 10 గ్రాముల దాకా ఉంటుంది. రెండు ఉడికించిన గుడ్లు చేర్చండి. గుడ్డుకి 6 చొప్పున ఇంకో 12. మొత్తం 22.

పదకొండింటికి: గుప్పెడు (30 గ్రాములు) వేయించిన పల్లీలు. 7 గ్రాములు.

మధ్యాహ్నం: అన్నం, గట్టి పప్పు, కప్పు పెరుగు. అన్నంలోనూ ప్రొటీన్ ఉంటుందని చాలామందికి తెలియదు. 150 గ్రాముల బియ్యంతో 11, 40 గ్రాముల కందిపప్పుతో 9, పెరుగుతో 5. మొత్తం 25.

సాయంత్రం: శనగ గుగ్గిళ్లు. 50 గ్రాముల శనగలు రాత్రి నానబెట్టి ఉడికిస్తే 10 గ్రాములు.

రాత్రి: మూడు చపాతీలు, రెండు గుడ్ల కూర. 21 గ్రాములు. చికెన్ పెట్టే రోజున ఇంకాస్త ఎక్కువే వస్తుంది. 100 గ్రాముల పచ్చి చికెన్‌లో 20 గ్రాములకు తగ్గదు.

పడుకునే ముందు: గ్లాసు (250 మి.లీ.) పాలు. 8 గ్రాములు.

మొత్తం 93. డబ్బా మూత తీయకుండానే లెక్క సరిపోయింది.

మరి చాలామందికి ఎందుకు తగ్గుతోంది? ఉదయం టిఫిన్ మానేయడం, మధ్యాహ్నం పప్పుచారులో నీళ్లే పోసుకోవడం, సాయంత్రం సమోసా, పునుగులతో కడుపు నింపుకోవడం... కారణాలివి. పప్పు గరిటె అడుగు దాకా ముంచి వేసుకోవడం, చిరుతిండి దగ్గర బజ్జీ బదులు గుగ్గిళ్లు ఎంచుకోవడం, రోజుకు మూడు నాలుగు గుడ్లు తినడం. ఈ మూడు మార్పులతోనే సగం కొరత తీరుతుంది. మీ హాస్టల్లో కెటిల్‌కి అనుమతి ఉంటే గుడ్లు, శనగలు ఉడకబెట్టుకోవడం పెద్ద పనేం కాదు.

గుడ్డు తినని వారికి చవకైన దారి మీల్‌మేకర్. సోయా నుంచి నూనె తీశాక మిగిలిన పిండితో చేసే ఈ ముక్కల్లో బరువులో సగం ప్రొటీనే. 50 గ్రాములు వండుకుంటే 26 గ్రాములు వస్తుంది. పెసలు, అలసందలు, ఉలవలు, పనీర్, పెరుగు ఉండనే ఉన్నాయి. ‘పప్పులో ఉండేది నాసిరకం ప్రొటీన్’ అనే మాటా జిమ్‌లో వినిపిస్తుంటుంది. పప్పులో తగ్గే అమైనో ఆమ్లం బియ్యంలో ఉంటుంది, బియ్యంలో తగ్గేది పప్పులో ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మన పప్పన్నం వెనకున్న శాస్త్రం ఇదే.

రూపాయి లెక్క

ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. మీ దగ్గరి ధరలతో మీరే ఒకసారి వేసుకోండి. లెక్క ఎలా వేయాలో చూపించడానికి ఒక ఉదాహరణ.

కిలో వే ప్రొటీన్ డబ్బా 2,700 రూపాయలు అనుకుందాం. అందులో 30 స్కూప్‌లు. అంటే స్కూప్‌కి 90 రూపాయలు. దానిలో వచ్చేది 24 గ్రాములు. గ్రాము ప్రొటీన్‌కి దాదాపు 3 రూపాయల 75 పైసలు.

ఇప్పుడు పైన చెప్పిన పట్టికలో మీరు సొంతంగా కొనుక్కోవాల్సినవి చూడండి. నాలుగు గుడ్లు 28 రూపాయలు, పల్లీలు 5, శనగలు 5, పాలు 17. మొత్తం 55 రూపాయలకు 49 గ్రాములు. గ్రాముకి రూపాయి పన్నెండు పైసలు. కిలో 160 రూపాయల మీల్‌మేకర్ అయితే గ్రాము ప్రొటీన్‌కి 31 పైసలే!

పైగా గుడ్డుతోపాటు విటమిన్లు, పల్లీలతోపాటు మంచి కొవ్వు, శనగలతోపాటు పీచు, ఇనుము ఊరికే వస్తాయి. డబ్బాలో ప్రొటీన్‌తోపాటు వచ్చేది చాక్లెట్ వాసన.

నాన్న పంపే ఐదారు వేలలో మూడు వేలు డబ్బాకి పోతే, మిగిలిన దాంతో మెస్ బిల్లు కట్టలేక ఒక పూట మానేసేవాళ్లున్నారు. అంటే స్కూప్‌తో 24 గ్రాములు తాగి, మానేసిన భోజనంతో 25 గ్రాములు పోగొట్టుకుంటున్నారన్నమాట. డబ్బుకి డబ్బూ పోయింది, లెక్కా పెరగలేదు.

మరి పౌడర్ దండగేనా?

అలాగని వే ప్రొటీన్ విషమేమీ కాదు. పాలు విరగ్గొట్టి పనీర్ తీశాక తేట నీళ్లు మిగులుతాయి కదా... వాటి నుంచి తీసి, ఆరబెట్టిన పొడే వే. ఛీజ్ తయారీలో మిగిలే తేట నుంచి దీన్ని పెద్దఎత్తున తీస్తారు. త్వరగా అరుగుతుంది. షేకర్‌లో నీళ్లు పోసి ఊపితే నిమిషంలో సిద్ధం. దాని విలువ ఆ సౌకర్యమే.

ఆ సౌకర్యం ఎవరికి అవసరం? గుడ్డు, మాంసం ముట్టక, పప్పులతో రోజు లెక్క చేరుకోలేనివారికి. షిఫ్టు ఉద్యోగం చేస్తూ వేళకు తినడం కుదరనివారికి. పోటీల స్థాయిలో బాడీబిల్డింగ్, వెయిట్‌లిఫ్టింగ్ చేస్తూ రోజుకు వంద గ్రాములకు పైగా అవసరమయ్యేవారికి. వీళ్లు వైద్యుల్నో, డైటీషియన్‌నో సంప్రదించి రోజుకొక స్కూప్ వాడుకోవచ్చు. అదీ తిండికి తోడుగానే, బదులుగా కాదు. మూత్రపిండాల సమస్య ఉన్నవారు మాత్రం వైద్యుల మాట లేకుండా ప్రొటీన్ పెంచకూడదు. కుటుంబంలో కిడ్నీ జబ్బు, మీకు బీపీ, షుగర్ ఉంటే ముందు పరీక్ష చేయించుకోండి.

జిమ్‌లో చేరి మూడు నెలలైనా కాలేదా? అయితే ఈ ప్రశ్న మీకు ఇంకా రాలేదనుకోండి. కొత్తలో ఏం తిన్నా, సరిగ్గా వ్యాయామం చేస్తే మార్పు కనిపిస్తుంది. అది డబ్బా మహిమ అనుకుని మోసపోయేది కూడా అప్పుడే.

ఏ డబ్బాలో ఏముంది?

మాస్ గెయినర్: పేరుకి ప్రొటీన్, లోపల ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం, చక్కెర. లేబుల్ తిప్పి పిండిపదార్థాల అంకె చూడండి, మీకే అర్థమవుతుంది. బక్కగా ఉన్నవారు రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు, చెంచా బెల్లం కలిపి మిక్సీలో తిప్పుకుంటే అంతకన్నా మంచి గెయినర్ ఇంట్లోనే తయారవుతుంది.

క్రియాటిన్: సప్లిమెంట్లలో బాగా పరిశోధించినది, పనిచేస్తుందని తేలినది ఇదే. రోజుకు 3 నుంచి 5 గ్రాములు. బరువులెత్తడం, స్ప్రింట్ లాంటి కొద్దిసేపటి గట్టి పనులకు సాయపడుతుంది. కండరాల్లో నీరు పట్టి ఒకటి రెండు కిలోలు పెరిగే అవకాశముంది. 1600 మీటర్ల పరుగే మీ గండమైతే ఈ సంగతి గుర్తుంచుకోండి. దీన్ని వాడుతున్నప్పుడు రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె పెరిగి కనిపించొచ్చు. కాబట్టి వాడుతున్నట్టు వైద్యుడికి ముందే చెప్పాలి.

బీసీఏఏ: ప్రొటీన్‌లో ఉండే మూడు అమైనో ఆమ్లాలు. గుడ్డు, పాలు, పప్పు తినేవారికి అవి ఎలాగూ అందుతాయి. ప్రొటీన్ సరిపడా తింటూ వీటికి మళ్లీ డబ్బు పెట్టడం రెండుసార్లు టికెట్ కొన్నట్టే.

ప్రీ వర్కవుట్: దీని అసలు బలం కెఫీన్. చాలా రకాల్లో ఒక స్కూప్‌కే రెండు కప్పుల కాఫీకి సమానమైన కెఫీన్ ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాములు దాటకూడదు. స్కూప్ మీద ఎనర్జీ డ్రింక్, దాని మీద రెండు టీలు... ఇక గుండె దడ, రాత్రి నిద్ర పట్టకపోవడం. సాయంత్రం తాగితే తెల్లవారి సాధన పాడైనట్టే.

ఫ్యాట్ బర్నర్, టెస్టోస్టెరాన్ బూస్టర్: మొదటిదాంట్లో ప్రధానంగా ఉండేది మళ్లీ కెఫీనే. రెండోదానికి గట్టి రుజువుల్లేవు. ఈ రెంటికీ పెట్టే డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి. మోకాళ్లు బాగుంటాయి.

కొనాల్సి వస్తే...

2024లో ‘మెడిసిన్’ అనే వైద్య పత్రికలో కేరళ వైద్యులు ప్రధానంగా చేసిన ఒక అధ్యయనం వచ్చింది. మన దేశంలో అమ్ముతున్న 36 రకాల ప్రొటీన్ పౌడర్లను పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల్లో లేబుల్ మీద రాసిన ప్రొటీన్ అంకె తప్పని తేలింది. కొన్నింటిలో చెప్పిన దాంట్లో సగమే ఉంది. 14 శాతం నమూనాల్లో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్లు, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి. అందుకే కొనేవారు ఈ జాగ్రత్తలు పాటించాలి.

• డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు ఉందా? దాన్ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూడండి.

• విదేశీ బ్రాండ్ అయితే దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న స్టిక్కర్ ఉండాలి. ‘దుబాయ్ నుంచి మా వాడు తెచ్చాడు’ అంటే వదిలేయండి.

• బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ చెరిపినట్టున్నా, సీలు ఊడినట్టున్నా తీసుకోవద్దు.

• స్కూప్ లెక్క కాకుండా 100 గ్రాములకు ప్రొటీన్ ఎంతో చూడండి. రెండు డబ్బాల్ని పోల్చడానికి అదే సరైన కొలత.

• దినుసుల జాబితాలో గ్లైసిన్, టారిన్ లాంటివి విడిగా కలిపినట్టుంటే అనుమానించండి. ల్యాబ్‌లో సాధారణంగా నైట్రోజన్‌ని కొలిచి ప్రొటీన్ ఎంతో లెక్కగడతారు. చవకైన ఈ అమైనో ఆమ్లాలు కలిపితే నైట్రోజన్ పెరిగి, లేని ప్రొటీన్ ఉన్నట్టు కనిపిస్తుంది.

• బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. మోసం అనిపిస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ ద్వారా ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు లేకపోతే మీ మాటకు బలం ఉండదు.

• జిమ్ ట్రైనర్ ఫలానా డబ్బానే, తన దగ్గరే కొనమంటున్నారా? అందులో ఆయన వాటా ఉండొచ్చు. ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు అని అడగండి. జవాబు తడబడితే మీకు విషయం తెలిసినట్టే.

జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో ఆడుతూ స్పోర్ట్స్ కోటా మీద ఆశపెట్టుకున్నవారికి ఇంకో హెచ్చరిక. డబ్బాలో నిషేధిత పదార్థం కలిసి ఉండి, డోప్ పరీక్షలో దొరికితే ‘నాకు తెలియదు’ అంటే చెల్లదు. ఒంట్లో ఏముందో దానికి క్రీడాకారుడే బాధ్యుడన్నది డోపింగ్ నిబంధనల మొదటి సూత్రం. వాడక తప్పదంటే ‘ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్’, ‘ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్’ లాంటి పరీక్షా ముద్ర ఉన్నవే చూసుకోవాలి.

సూది దగ్గర మాత్రం... ఆగిపోండి!

పౌడర్ విషయంలో ‘కావాలా, వద్దా’ అని వాదించుకోవచ్చు. ఇంజెక్షన్ల విషయంలో వాదనే లేదు. ‘ఒక్క సైకిల్ వేస్తే చాలు, రెండు నెలల్లో బాడీ వస్తుంది’ అని చెవిలో ఊదేవారు ప్రతిచోటా ఉంటారు. వాళ్లు చెప్పేది అనబాలిక్ స్టెరాయిడ్ల గురించి. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని మందులివి. బయటి నుంచి హార్మోన్ అందుతుంటే శరీరం సొంతంగా తయారుచేయడం ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోవడం, వీర్యకణాలు తగ్గడం, అబ్బాయిలకు రొమ్ములు పెరగడం, మొటిమలు, జుట్టు రాలడం, రక్తపోటు, గుండె జబ్బులు... ఇంత మూట కట్టుకోవాలి.

ఇంకోటి మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్. ఆపరేషన్ సమయంలో మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటును పెంచడానికి వైద్యులు వాడే మందిది. దీన్ని అలసట తెలియకుండా వ్యాయామం చేయడానికి జిమ్‌లకు వెళ్లే కుర్రాళ్లకు దొంగచాటుగా అమ్ముతూ హైదరాబాద్‌లో పలువురు పట్టుబడ్డారు. గుండె లయ తప్పుతుంది. రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అలవాటుగా మారి వదలదు.

ఉద్యోగార్థులు ఆలోచించాల్సిన కోణం ఇంకొకటుంది. పోలీస్ ఉద్యోగానికి ఎంపికైనవారి నడవడిక, పూర్వాపరాలు విచారిస్తారు. ఇలాంటి అమ్మకాల్లో స్నేహితుడి కోసం చేయి కలిపి కేసులో పేరు ఇరుక్కుంటే, మూడేళ్ల కోచింగ్, అమ్మానాన్నల అప్పు అన్నీ ఆ సూదితోపాటే పోతాయి. మీ జిమ్‌లో ఇది జరుగుతోందని తెలిస్తే ఫీజు పోయినా సరే, జిమ్ మారిపోండి.

అమ్మాయిలూ... ముందు రక్తపరీక్ష

రెండు వందల మీటర్లకే ఆయాసం, కాళ్లు లాగడం, కళ్లు తిరగడం... దీనికి ప్రొటీన్ పౌడర్ మందు కాదు. రక్తహీనత ఉందేమో చూసుకోవాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు ప్రాణవాయువు చాలదు. 800 మీటర్ల పరుగులో ఓడించేది అదే.

ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవచ్చు. తక్కువుంటే వైద్యులిచ్చే ఐరన్ మాత్రలు క్రమం తప్పక వేసుకోవాలి. తోటకూర, మునగాకు, శనగలు, నువ్వులు, మాంసం, చేపలు తింటూ, వాటితో నిమ్మకాయో, ఉసిరో, జామో చేర్చుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం అవగానే టీ, కాఫీ తాగితే అది తగ్గుతుంది. గంటా రెండు గంటలు ఆగండి. హిమోగ్లోబిన్ కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. కాబట్టి ఈవెంట్స్ తేదీ వచ్చేదాకా ఆగకుండా ఈ నెలలోనే చూపించుకోండి. ‘ప్రొటీన్ తింటే మగరాయుడిలా తయారవుతాం’ అనే భయమూ వద్దు. గుడ్లు, పప్పులతో అలాంటిదేమీ జరగదు.

మీ సందేహాలు

వ్యాయామం అయిన అరగంటలోపే ప్రొటీన్ తీసుకోవాలా?
అరగంట దాటితే వృథా అన్నది అతిగా చెప్పిన మాట. రోజు మొత్తం మీద ఎంత తిన్నారన్నదే ముఖ్యం. దాన్ని మూడు నాలుగు పూటలకు పంచుకుంటే ఇంకా మేలు. గ్రౌండ్ నుంచి వచ్చి గంటలో టిఫిన్, గుడ్లు తింటే సరిపోతుంది.

పచ్చి గుడ్లు తాగితే బలమంటారు?
ఉడికించిన గుడ్డులోని ప్రొటీనే ఎక్కువగా ఒంటబడుతుంది. పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకే ప్రమాదమూ ఉంది. ఉడికించే తినండి. పచ్చసొన పారేయొద్దు. గుడ్డులోని ప్రొటీన్‌లో నలభై శాతానికి పైగా ఉండేది అందులోనే. కొలెస్ట్రాల్ సమస్య ఉన్నవారు మాత్రం వైద్యుల్ని అడగాలి.

కండ రావాలంటే అన్నం మానేయాలా?
పరుగు సాధన చేసేవారు అస్సలు మానకూడదు. పరుగుకు ఇంధనం పిండిపదార్థాలే. అన్నం పూర్తిగా మానేసి గుడ్లు, చికెన్ మాత్రమే తింటే వేగం తగ్గుతుంది. పళ్లెంలో అన్నం గుట్ట కాస్త తగ్గించి పప్పు, కూర పెంచండి చాలు.

పౌడర్ ఆపేస్తే కండ కొవ్వుగా మారిపోతుందా?
మారదు. కండ వేరు, కొవ్వు వేరు. వ్యాయామం ఆపేసి తిండి మాత్రం తగ్గించకపోతే కండ తగ్గి, కొవ్వు చేరుతుంది. అది డబ్బా వాడినా, వాడకున్నా జరిగేదే.

ఈవెంట్స్ రోజున ఎనర్జీ డ్రింక్ తాగొచ్చా?
సాధనలో ఎప్పుడూ తాగనిది ఆ రోజు తాగొద్దు. ముందురోజు రాత్రి మామూలు భోజనం, తగినన్ని నీళ్లు. పరుగుకు రెండు మూడు గంటల ముందు ఇడ్లీయో, అరటిపండో. కొత్త తిండి, కొత్త బూట్లు, కొత్త పౌడర్... మూడింటికీ ఆ రోజు సెలవు.

రెండు వారాలు ఇలా చేసి చూడండి

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఈ రోజు ఉదయం నుంచి రాత్రి దాకా తిన్నదంతా రాసి, పక్కన ప్రొటీన్ గ్రాములు వేయండి. మీ బరువును 1.2తో, 1.6తో గుణిస్తే మీకు కావాల్సిన హద్దులు తెలుస్తాయి. తేడా 10 గ్రాములైతే రోజుకు రెండు గుడ్లతో తీరిపోతుంది. 20 అయితే గుడ్లకు గ్లాసు పాలు తోడు చేయండి. 30 అయితే గుగ్గిళ్లు కూడా చేర్చండి. నిద్ర వేళలు, పరుగు సమయం కూడా అదే పేజీలో రాయండి.

రెండు వారాల తర్వాత ఆ పేజీలు తిరగేయండి. తిండి సరిచేశాక కూడా లెక్క చేరకపోతే, మీ జేబు ఒప్పుకుంటే, అప్పుడు డబ్బా గురించి ఆలోచించవచ్చు. చాలామందికి ఆ అవసరం రాదు. రేపు గ్రౌండ్‌లో విజిల్ మోగాక మీ వెంట పరుగెత్తేది నెలల తరబడి తిన్న తిండి, చేసిన సాధన, పోయిన నిద్ర. వాటికి ఇవాళే లెక్క మొదలుపెట్టండి.